రాయి మీద పేరు నుంచి రౌతు జీవితం దాకా: 19వ శతాబ్దపు అశ్వికదళ సైనికుడి రికార్డులు వెతికే పద్ధతి

సికింద్రాబాద్ కంటోన్మెంటులో తిరుమలగిరి, బొల్లారం వైపున్న పాత క్రైస్తవ శ్మశానాల్లో పేరు, రెజిమెంటు, చనిపోయిన తేదీ, వయసు తప్ప ఇంకేమీ చెప్పని రాళ్లు ఉన్నాయి. ఆ నాలుగు ముక్కలు చాలు. అతను పుట్టిన ఊరు, సైన్యంలో చేరకముందు చేసిన పని, ఏ రోజున చేరాడు, ఏ యుద్ధంలో ఉన్నాడు, దేనివల్ల పోయాడు, పోయేనాటికి ఖాతాలో ఎంత సొమ్ముంది, అది ఎవరికి చేరాలి అన్నంత వరకూ వెళ్లవచ్చు. అదృష్టం కలిసొస్తే నెల రోజుల పని. లేకపోతే ఏడాది పడుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి గట్టిగా మనసులో పెట్టుకోండి. ఆ కాలపు సైన్యం ఎవరి జీవితచరిత్రనూ భద్రపరచాలని కాగితాలు రాయలేదు. జీతం ఇవ్వాలి, పింఛను లెక్కగట్టాలి, చనిపోతే అప్పులు తీర్చి మిగిలింది వారసులకు పంపాలి. రాసిందంతా దీనికోసమే. కాబట్టి దారి మూసుకుపోయిన ప్రతిచోటా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది? డబ్బు కదిలిన చోట రిజిస్టరు ఉంటుంది. డబ్బు కదలని చోట సాధారణంగా ఏమీ ఉండదు.

ఇంకొకటి. ఎప్పుడూ చావు నుంచి పుట్టుక వైపు, అంటే వెనక్కి నడవండి. పుట్టుక నుంచి ముందుకొస్తే అదే పేరున్న పదిమంది మధ్య చిక్కుకుంటారు.

రాయి దగ్గర

పొద్దున్నే గానీ, పొద్దుగూకే ముందు గానీ వెళ్లండి. ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడితేనే అరిగిన అక్షరాల అంచుల్లో నీడ నిలుస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే రాయి ఉత్త పలకలా కనిపిస్తుంది. రాయికి ఎండ తగలకపోతే, తోడొచ్చినవాళ్ల చేత రెండడుగుల అద్దం పట్టించి వెలుగును పక్కనుంచి రాయి మీదికి కొట్టించండి. ఎంత అరిగిన అక్షరాలైనా దీనికి చాలావరకు లొంగుతాయి.

వెంట తీసుకెళ్లాల్సినవి కొద్దే: ఐదు లీటర్ల మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్, కొలత టేపు, నోటుపుస్తకం, పెన్సిలు, ఫోను. రాయి మీద నీళ్లు చల్లి, బ్రష్‌తో కిందనుంచి పైకి మెల్లగా రుద్దండి. ఇనుప బ్రష్, యాసిడ్, బట్టల సోడా దగ్గరికి రానివ్వవద్దు. నాపరాయి, షాబాదు బండ పొరలు పొరలుగా లేస్తాయి. ఒక పొర ఊడితే అక్షరం పోయినట్టే, మళ్లీ రాదు. అక్షరాలు తేలడానికి సుద్దముక్కో పిండో పూయడం చాలామందికి అలవాటు. సుద్ద గరుకు రాతిని గీస్తుంది, పిండి నాచుకు తిండి అవుతుంది. రెండూ మానేయండి.

పాలరాతి పలకల్లో అక్షరాలను సీసంతో నింపే పద్ధతి ఉండేది. సీసం ఊడిపోయాక పలక ఖాళీగా కనిపించినా, సీసం పట్టుకోవడానికి ఒక్కో అక్షరం గాడిలో తొలిచిన చిన్న రంధ్రాలు మిగిలి ఉంటాయి. చెక్కుచెదరని అక్షరం ఏదైనా ఉంటే దాని రంధ్రాల అమరిక చూసి, అదే అమరిక ఇంకెక్కడ ఉందో పోల్చుకుంటూ పోతే పేరు బయటపడుతుంది. ఓపిక కావాలి, కానీ పని చేసే పద్ధతి.

అంకెల దగ్గర మోసపోకండి. 1 కీ 7 కీ, 3 కీ 8 కీ, 0 కీ 6 కీ తేడా అరుగుదలలో పోతుంది. అనుమానమున్న ప్రతి అంకె కింద చుక్క పెట్టండి, రెండో అవకాశం కూడా పక్కన రాయండి. 1862 అని రాసుకున్నది నిజంగా 1882 అయితే రెజిమెంటు మారుతుంది, రిజిస్టరు మారుతుంది, వెతుకులాటంతా వృథా అవుతుంది.

ఫోటోలు కనీసం ఐదు తీయండి: మొత్తం రాయి, రాత దగ్గరగా, అడుగుభాగం, వెనకవైపు, చుట్టుపక్కల సమాధులతో కలిపి ఒకటి. పక్క సమాధులు ఎందుకంటే, సైనికులను చాలాచోట్ల తేదీల వరసలో పూడ్చారు. మీ రాయి మీద తేదీ పోయినా, ఇటు ఒకటి అటు ఒకటి ఆ ఖాళీని పట్టిస్తాయి.

చివరగా రాతలో ఏముందో చూడండి. 'ఇక్కడ విశ్రమిస్తున్నాడు' అనే అర్థం వచ్చే మాటుంటే అది సమాధి. 'జ్ఞాపకార్థం' అని మాత్రమే ఉంటే దేహం వేరేచోట ఉండవచ్చు. ఒక రెజిమెంటు ఊరు విడిచి వెళ్లేటప్పుడు, అక్కడున్న సంవత్సరాల్లో పోయినవాళ్లందరి పేర్లతో ఒకే స్తంభం నిలబెట్టడం రివాజు. ఆ స్తంభం కింద ఎవరూ ఉండరు. ఇక మామూలు సిపాయికి రాయి దక్కడమే అరుదు. తోటివాళ్లు చందా వేసుకుంటేనో, భార్య దగ్గర సొమ్ముంటేనో రాయి లేచేది. రాయి కనబడలేదని సమాధి లేదనుకోకండి.

రాయి ఇప్పటికే పగిలిపోయి ఉంటే, మద్రాసు ప్రెసిడెన్సీ సమాధి రాతలను 1905లో జె.జె. కాటన్, నిజాం రాజ్యంలోని రాతలను 1941లో ఓ.ఎస్. క్రాఫ్టన్ జాబితాలుగా అచ్చు వేయించారు. రాయి బాగున్న రోజుల్లో చదివిన పాఠం అందులో దొరకవచ్చు. వాటిలో అధికారుల పేర్లే ఎక్కువ, సిపాయిలు తక్కువ.

రెజిమెంటు పేరు తేల్చుకోండి, తర్వాతే మిగతావి

బ్రిటిష్ సైన్యపు కాగితాలన్నీ రెజిమెంటు వారీగానే పేర్చి ఉంటాయి. పేరు తెలిసి రెజిమెంటు తెలియకపోతే ఎక్కడికీ కదలలేరు. రెజిమెంటు తెలిసి పేరు సగమే తెలిసినా పని నడుస్తుంది.

అశ్వికదళంలో డ్రాగూన్ గార్డ్స్, డ్రాగూన్స్, లైట్ డ్రాగూన్స్, హుస్సార్స్, లాన్సర్స్ అని తెగలున్నాయి. పేర్లు మధ్యలో మారాయి. 3, 4, 13, 14 నంబర్ల లైట్ డ్రాగూన్స్ 1861లో హుస్సార్స్ అయ్యాయి. 1855లో '13వ లైట్ డ్రాగూన్స్'లో ఉన్న మనిషి, 1865లో '13వ హుస్సార్స్'లో ఉన్న మనిషి ఒకే రెజిమెంటువాడు కావచ్చు.

దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకా పెద్దది: నంబరు ఒకటే, రెజిమెంటు వేరు. 1803 సెప్టెంబరు 23న అస్సాయే యుద్ధంలో పోరాడిన 19వ లైట్ డ్రాగూన్స్‌ను 1821లో రద్దు చేశారు. తర్వాత ఈస్టిండియా కంపెనీ బెంగాల్ యూరోపియన్ అశ్వికదళం నుంచి 1860ల మొదట్లో పుట్టిన 19వ హుస్సార్స్‌కూ దానికీ రక్తసంబంధం లేదు. ఈ రెండింటి కాగితాలను కలిపేసి ఒకే మనిషికి అరవై ఏళ్ల ఉద్యోగం అంటగట్టినవాళ్లున్నారు.

తర్వాత, అతను బ్రిటన్ రాణి సైన్యమా, ఈస్టిండియా కంపెనీ సైన్యమా చూడండి. రాణి సైన్యపు కాగితాలు లండన్ శివార్లలో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో, యుద్ధశాఖ వర్గంలో ఉంటాయి. ఆ సంపుటాల ముందు డబ్ల్యూ.ఓ. అని ఉంటుంది. కంపెనీ యూరోపియన్ సిపాయిలవి లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల కింద ఉంటాయి. మద్రాసు సైన్యానివి ఎల్/మిల్/11 వరసలో. రాయి మీద రాజు లేదా రాణి తాలూకు అని సూచించే 'హెచ్.ఎం.' అక్షరాలుంటే మొదటిది. 1858 తర్వాత కంపెనీ పాలన పోయి, దాని యూరోపియన్ దళాలు రాణి సైన్యంలో కలిసిపోయాయి కనుక ఆ మార్పు నాటి మనిషికి రెండుచోట్లా వెతకాలి.

ఇక్కడినుంచి ఒక ఊహాజనిత ఉదాహరణ పట్టుకుందాం. రాయి మీద ఇలా ఉందనుకోండి: ప్రైవేటు (అంటే మామూలు సిపాయి), 17వ లాన్సర్స్, సికింద్రాబాద్, మే 1862, వయసు 31. 17వ లాన్సర్స్ 1860ల మొదటి సగంలో సికింద్రాబాద్‌లో ఉంది గనుక రాయీ చరిత్రా పొసగుతున్నాయి. ఇలా పొసగకపోతే, ముందు రాయిని మళ్లీ చదవండి. ఇదే రెజిమెంటు 1854 అక్టోబరు 25న, క్రిమియా యుద్ధంలో, బాలాక్లావా దగ్గర లైట్ బ్రిగేడ్ అనే అశ్వికదళం చేసిన దాడిలో ఉంది. 1862లో 31 ఏళ్లంటే 1854లో 23. మన మనిషి ఆ దాడిలో ఉన్నాడా అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. జవాబు రాయి దగ్గర దొరకదు, దానికి తొందరపడకండి.

ఖనన రిజిస్టరు

సికింద్రాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నా, అక్కడి సైన్యపు చర్చిలు మద్రాసు కిందికి వచ్చేవి. పాదిరీ చేసిన ప్రతి ఖననాన్నీ చర్చి రిజిస్టరులో రాసి, నకలు మద్రాసుకు పంపేవాడు. అక్కడినుంచి ఇంకో నకలు లండన్‌కు పోయేది. ఆ లండన్ నకళ్లే బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరసలో ఉన్నాయి. బెంగాల్‌వి ఎన్/1, బొంబాయివి ఎన్/3. ఇక్కడి రిజిస్టరును చెదలు తినేసినా లండన్ నకలు బతికి ఉంటుంది. ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైటులో వీటి బొమ్మలు చందా కట్టి చూడవచ్చు. ఫ్యామిలీసెర్చ్‌లో సూచికలు ఉచితం. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ డేటాబేసులోనూ పేరుతో ఉచితంగా వెతకవచ్చు.

సూచికలో పేరు దొరక్కపోతే అక్కడే ఆగిపోకండి. చేతిరాత చదివి ఎక్కించినవాళ్లకు మన ఊళ్ల పేర్లు తెలియవు, సిపాయి ఇంటిపేరూ తెలియదు. పేరు వదిలేసి, ఊరు, సంవత్సరం పెట్టి వెతకండి. తిరుమలగిరిని, సికింద్రాబాద్‌ను, బొల్లారాన్ని ఆంగ్లంలో నాలుగైదు రకాలుగా రాశారు, అన్నీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ఆ సంవత్సరం సికింద్రాబాద్ పుటలు తెరిచి, చనిపోయిన నెలను ఒక్కొక్క వరసా చదవండి. పది నిమిషాల పని, సూచికలు దాచినదాన్ని పట్టిస్తుంది.

మనవాళ్లు పదేపదే పడే గుంట ఒకటుంది. 'హైదరాబాద్ 1843' అని పతకం మీదో కాగితం మీదో కనబడితే అది మన హైదరాబాద్ కాదు, సింధులోనిది. అక్కడ 1843 మార్చి 24న యుద్ధం జరిగింది, ఆ పేరుతో పతకం ఇచ్చారు. ఆ ప్రాంతపు ఖననాలు ఎన్/3 లో వెతకాలి.

పుట దొరికాక ఏం చూడాలి? చనిపోయిన తేదీ, పూడ్చిన తేదీ, వయసు, హోదా, రెజిమెంటు, పూడ్చిన చోటు, పాదిరీ సంతకం ఉంటాయి. తర్వాతి కాలపు పుటల్లో మరణకారణం గడి కూడా ఉంటుంది. వేడిదేశం గనుక చావుకీ ఖననానికీ మధ్య ఒక రోజుకు మించి తేడా ఉండదు. మూడు నాలుగు రోజుల తేడా కనిపిస్తే, చదవడంలో తప్పుందో, దేహాన్ని దూరం నుంచి తెచ్చారో చూడాలి. రాయి మీది తేదీ ఖననం తేదీ అయి, రిజిస్టరులో చావు తేదీ ఒక రోజు ముందుండటం మామూలే.

కారణాల గడిలో తరచూ కనబడేవి కలరా, రక్తవిరేచనాలు, కాలేయపు వాపు, విడవని జ్వరం, వడదెబ్బ, అతిగా తాగినందువల్ల వచ్చే మతిభ్రమణం. ఒకే వారంలో ఒకే రెజిమెంటువి పది పదిహేను ఖననాలుంటే కలరా వచ్చిందని అర్థం. అప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కలరా వస్తే దళాన్ని బ్యారక్‌ల నుంచి ఖాళీ చేయించి, ఊరి బయట గుడారాల్లోకి మార్చేవారు, రెండు మూడు రోజులకోసారి ఇంకో చోటికి జరిపేవారు. అలా పోయినవాళ్లను గుడారాల దగ్గరే పూడ్చారు. రిజిస్టరులో 'క్యాంపు' అన్న మాట ఉంటే కంటోన్మెంటు శ్మశానంలో సమాధి వెతకడం దండగ.

ఐర్లండ్‌వాళ్లు అశ్వికదళంలో బాగా ఉండేవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది క్యాథలిక్కులు. వాళ్ల ఖననాలు క్యాథలిక్ పాదిరీ రిజిస్టరులో ఉంటాయి, లండన్‌కు వెళ్లిన నకళ్లలో కొన్నే ఉంటాయి. పేరు ఐరిష్‌దిలా ఉండి ఎన్/2 లో ఏమీ దొరకకపోతే స్థానిక క్యాథలిక్ చర్చి కార్యాలయాన్నే అడగాలి. స్కాట్లండ్‌వాళ్ల ప్రెస్బిటేరియన్ రిజిస్టరు మళ్లీ వేరు. శ్మశానంలో కూడా ఈ మూడు శాఖలకూ వేర్వేరు భాగాలుండేవి.

చర్చి కార్యాలయానికి వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో, 'పాత రిజిస్టర్లు చూపించండి' అని వెళ్లకండి. పేరు, సంవత్సరం, నెల ఒక కాగితం మీద రాసిచ్చి, 'ఈ ఒక్క పుట చూడాలండీ' అని అడిగితే పాస్టరుగారికీ సులువు, పుస్తకానికీ క్షేమం. ముందుగా ఫోను చేసి, ఆదివారాలు, పండగ రోజులు తప్పించండి. పుటను కింది మూలనుంచి కాదు, పై మూలనుంచి, పొడి చేత్తో తిప్పండి. వేలికి తడి చేసుకోవద్దు, ఫ్లాష్ వేయవద్దు. శ్మశానం కంటోన్మెంటు హద్దుల్లో ఉంటే లోపల ఫోటోలకు అనుమతి విడిగా అడగండి.

మస్టర్ రోల్: మూడు నెలలకోసారి హాజరు

ఉపాధి హామీ పనుల్లో మనం నేటికీ వాడే 'మస్టర్' ఈ మాటే, పనీ ఇదే: ఎవరు హాజరు, ఎవరికి ఎంత కూలి. బ్రిటిష్ రెజిమెంట్ల మస్టర్లు డబ్ల్యూ.ఓ. 12 లో 1878 దాకా, అక్కడినుంచి 1898 దాకా డబ్ల్యూ.ఓ. 16 లో ఉంటాయి. మూడు నెలలకో చిట్టా. సాధారణంగా ఒక రెజిమెంటుకు ఒక ఏడాది ఒక సంపుటం.

వీటిలో చాలావాటికి ఇంటర్నెట్‌లో బొమ్మలు లేవు. ఆర్కైవ్స్ వెబ్‌సైటులోని డిస్కవరీ క్యాటలాగులో రెజిమెంటు పేరు, సంవత్సరం పెట్టి సంపుటం నంబరు కనుక్కోవాలి. తర్వాత ఎవరైనా వెళ్లి చూడాలి. లండన్‌లో తెలుగువాళ్లు బోలెడుమంది ఉన్నారు; బంధువో స్నేహితుడో ఒకరోజు ఇవ్వగలిగితే చాలు. గుర్తింపు, చిరునామా పత్రాలతో రీడర్స్ టికెట్ (లోపల చదువుకోవడానికి అనుమతి కార్డు) ఉచితంగా ఇస్తారు. లోపల పెన్సిలే తప్ప పెన్ను పనికిరాదు, సొంత ఫోనుతో ఫోటోలు తీసుకోవచ్చు. వెళ్లేవాళ్లకు 'మా సిపాయి గురించి చూడు' అని చెప్పకండి. సంపుటం నంబరు, ఏ మూడు నెలలు, ఏ పేరు అని రాసివ్వండి.

మన ఉదాహరణకు 1862 ఏప్రిల్–జూన్ చిట్టా ముందు చూడాలి. పేరు ఎదురుగా అతని రెజిమెంటు నంబరు ఉంటుంది. ఈ నంబర్లు 1830 ప్రాంతంలో మొదలయ్యాయి, అంతకుముందువాళ్లకు ఉండవు. ఈ నంబరు దొరకడమే మీ పనిలో సగం. ఒకే రెజిమెంటులో ఒకే పేరున్న ఇద్దరుంటే విడదీసేది అదొక్కటే. రిమార్కుల గడిలో చనిపోయిన తేదీ ఉండాలి. రాయి, ఖనన రిజిస్టరు, మస్టర్ మూడూ ఒకే తేదీ చెబితే నిశ్చింత. తేడా వస్తే మస్టర్‌నే నమ్మండి. జీతం ఏ రోజుతో ఆగిందో అక్కడ తప్పు రాస్తే గుమస్తా జేబుకు చిల్లు పడేది.

అదే చిట్టా చివర, దళం నుంచి తగ్గిపోయినవాళ్ల పట్టిక ఉంటుంది: చనిపోయినవాళ్లు, పారిపోయినవాళ్లు, విడుదలైనవాళ్లు. అందులో పుట్టిన ఊరు, వృత్తి, చేరిన తేదీ రాస్తారు. సిపాయి అంతకుముందు కూలివాడా, నేతగాడా, గుర్రాల కాపరా అన్నది తెలిసేది ఇక్కడే.

ఇప్పుడు చేరిన తేదీ తెలిసింది. అక్కడినుంచి ఏడాదికొక చిట్టా చూస్తూ రండి; ప్రతి మూడు నెలలదీ అక్కర్లేదు. ఆసుపత్రిలో ఉన్నాడా, ఖైదులో ఉన్నాడా, కార్పొరల్ అయి మళ్లీ ప్రైవేటుగా దిగాడా అంతా కనబడుతుంది. ఏదైనా మార్పు కనిపించిన ఏడాది మాత్రం నాలుగు చిట్టాలూ చూడండి. 1854 అక్టోబరు–డిసెంబరు చిట్టా మన ఉదాహరణకు ప్రాణం. బాలాక్లావా నాటికి అతను క్రిమియాలో ఉన్నాడా, టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రిలో ఉన్నాడా, ఇంగ్లండులోని డిపోలోనే ఉన్నాడా అన్నది అదే చెబుతుంది. రెజిమెంటు దాడిలో ఉందని రెజిమెంటులోని ప్రతివాడూ దాడిలో ఉన్నట్టు కాదు.

వెనక్కి వెళుతుంటే మనిషి ఒక్కసారిగా మాయమైతే ఆందోళన పడకండి. ఒక రెజిమెంటు ఇండియా నుంచి ఇంగ్లండుకు తిరిగిపోయేటప్పుడు, ఇక్కడే ఉంటామన్న సిపాయిలకు బహుమతి సొమ్ము ఇచ్చి ఇంకో రెజిమెంటులోకి మార్చేవారు. ఇక్కడి బతుకు చవక, కొందరికి ఇక్కడే కుటుంబాలు, చాలామంది ఒప్పుకున్నారు. మస్టర్‌లో 'ఫలానా రెజిమెంటు నుంచి బదిలీ' అన్న చిన్న మాట కోసం చూడండి. కొత్త రెజిమెంటులో నంబరు కూడా కొత్తదే. పాత నంబరు పట్టుకుని కొత్త రెజిమెంటులో వెతికితే దొరకడు.

చనిపోయినవాడి లెక్క, బతికి బయటపడినవాడి లెక్క

సర్వీసులో ఉండగా చనిపోయినవాడికి ఒక దారి, పింఛనుతో బయటపడినవాడికి ఇంకో దారి. రెండూ కలవవు. ఇది తెలియక ఎక్కువమంది తప్పు వరసలో నెలలు పోగొట్టుకుంటారు.

చనిపోయినవాడికి డబ్ల్యూ.ఓ. 25 లోని మరణాల నివేదికలు చూడండి. 1809 నుంచి 1875 ప్రాంతం దాకా ఉన్నాయి, రెజిమెంటు వారీగా. పుట్టిన ఊరు, వృత్తి, చావు తేదీ, చోటు, ఖాతాలో ఉన్న జమ లేదా అప్పు, దగ్గరి బంధువు పేరు ఇందులో దొరుకుతాయి. సిపాయి పోతే అతని సామాను దళంలోనే వేలం వేసి, రెజిమెంటుకున్న బాకీ మినహాయించి, మిగిలింది ఇంటికి పంపేవారు. దగ్గరి బంధువుగా తల్లి పేరో అన్న పేరో, వాళ్ల ఊరితో సహా ఉంటే, ఇంగ్లండులోనో ఐర్లండులోనో ఆ కుటుంబం తలుపు తెరుచుకున్నట్టే.

భార్య ఉంటే ఎన్/2 లోనే పెళ్లిళ్ల పుటలు, బాప్తిస్మం పుటలు తిరగేయండి. కంటోన్మెంటులో భర్తపోయిన స్త్రీకి తిండి సరఫరా కొద్దికాలమే సాగేది. అందుకే కొద్ది నెలల్లోనే అదే రెజిమెంటులో ఇంకొకరిని పెళ్లాడటం మామూలు. ఆ రెండో పెళ్లి పుటలో ఆమెను 'విధవ' అని రాసి మొదటి భర్త ఇంటిపేరు ఇస్తారు, తండ్రి పేరూ ఇస్తారు. పిల్లలు సవతి తండ్రి ఇంటిపేరుతో ఆ తర్వాత కనబడతారు.

పింఛనుతో బయటపడినవాడికి డబ్ల్యూ.ఓ. 97 అసలైన నిధి. సైనికుల పింఛన్లు చూసే చెల్సీ రాయల్ హాస్పిటల్ సర్వీసు పత్రాలివి, 1760 నుంచి 1913 దాకా. ఎత్తు, రంగు, కళ్లు, జుట్టు, ఒంటిమీది మచ్చలు, మంచి నడవడి బిళ్లలు, కోర్టు మార్షల్, ఏ దేశంలో ఎన్నేళ్లు, ఎందుకు విడుదల చేశారు అన్నీ ఉంటాయి. 1883కు ముందు పింఛను పొందినవాళ్లవే ఇందులో ఉన్నాయి. అప్పటినుంచి కాలపరిమితి ముగిసినవాళ్లవి, డబ్బు కట్టి విడుదలైనవాళ్లవి కూడా చేరాయి. సర్వీసులో చనిపోయినవాళ్లవి ఇక్కడ ఉండవు. మన ఉదాహరణ మనిషి కోసం ఇందులో వెతికితే అదే పేరున్న ఇంకొకడు దొరుకుతాడు, అతన్నే మనవాడనుకునే ప్రమాదం ఉంది. 1854 దాకా పేర్లు డిస్కవరీలో ఉచితంగా వెతకవచ్చు. బొమ్మలు ఫైండ్‌మైపాస్ట్‌లో ఉన్నాయి.

పతకాల జాబితాలు డబ్ల్యూ.ఓ. 100 లో, సుదీర్ఘ సేవా పతకాలవి డబ్ల్యూ.ఓ. 102 లో. సుదీర్ఘ సేవా పతకం 1830లో మొదలైనప్పుడు కాల్బలంవాడికి 21 ఏళ్ల సర్వీసు చాలు, అశ్వికుడికి 24 కావాలి. 1847 తర్వాత చేరిన అశ్వికుడి మొదటి ఒప్పందం 12 ఏళ్లు. ఈ లెక్కలు గుర్తుంటే విడుదల తేదీ నుంచి చేరిక తేదీని ముందే అంచనా వేయవచ్చు.

వయసును మాత్రం ఎప్పుడూ నమ్మకండి. 18 నిండకముందు చేసిన సర్వీసు పింఛనుకు లెక్కకు రాదు గనుక, 16 ఏళ్ల కుర్రాడు 18 అని చెప్పి చేరేవాడు. తర్వాత ఆ వయసే కాగితం నుంచి కాగితానికి, చివరికి రాయి మీదికి పాకేది. పుట్టిన సంవత్సరాన్ని అటూ ఇటూ మూడేళ్లు వదిలి వెతకండి. దొంగపేరుతో చేరినవాళ్లూ ఉన్నారు. దగ్గరి బంధువు ఇంటిపేరు వేరేగా ఉంటే దాన్ని అనుమానించండి.

పుట్టిన ఊరు తెలిశాక, ఇంగ్లండులో 1837 జులై నుంచి, స్కాట్లండులో 1855 నుంచి, ఐర్లండులో 1864 నుంచి ప్రభుత్వ జనన నమోదు ఉంది. అంతకుముందువాళ్లకు ఊరి చర్చి బాప్తిస్మం రిజిస్టరే గతి. ఐర్లండువాడైతే ఓర్పు పెంచుకోవాలి: 1922లో డబ్లిన్ రికార్డ్ ఆఫీసు తగలబడినప్పుడు ఎన్నో చర్చి రిజిస్టర్లు బూడిదయ్యాయి.

ఇంగ్లండుకు తిరిగివెళ్లి అక్కడ పోయినవాడికి కూడా రాయి లేదని వదిలేయవద్దు. బాలాక్లావాలో బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ సంపాదించిన 4వ లైట్ డ్రాగూన్స్ ప్రైవేటు శామ్యూల్ పార్క్స్ 1864 నవంబరు 14న చనిపోతే, లండన్ బ్రాంప్టన్ శ్మశానంలో గుర్తు లేని సమాధిలో పెట్టారు. అంతటివాడికే రాయి లేదు. కానీ శ్మశానం ఖనన రిజిస్టరు ఉంది. బ్రాంప్టన్‌వి నేషనల్ ఆర్కైవ్స్‌లో వర్క్ 97 వరసలో ఉన్నాయి. రిజిస్టరులోని సమాధి నంబరును, శ్మశానాన్ని గదులుగా విభజించి గీసిన ప్లానును పక్కపక్కన పెట్టి చూస్తే మట్టిలో చోటు తేలుతుంది. మన శ్మశానాల్లోనూ పాత ప్లాను ఎక్కడైనా మిగిలి ఉందేమో చర్చి కార్యాలయంలో అడగడం మరవకండి.

పింఛను తీసుకుని ఇండియాలోనే ఉండిపోయినవాళ్ల కోసం విశాఖపట్నం పుటలు కూడా తిరగేయండి. మద్రాసు సైన్యంలో దాడులకు పనికిరాని యూరోపియన్ వెటరన్లను కంపెనీ అక్కడ ఉంచేది.

మన రౌతుల సంగతి

నిజాం సొమ్ముతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచి, బొల్లారంలో ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ అశ్వికదళంలో సవార్లు మనవాళ్లే. వాళ్లకోసం పైన చెప్పిన దారుల్లో వెళితే ఏమీ దొరకదు. కారణం మళ్లీ డబ్బే. అది సిలాదారీ పద్ధతి. గుర్రం సవారుదే, జీతంలోంచి దాన్ని మేపుకోవాల్సింది అతనే. దళంలో స్థానాన్ని 'అసామి' అనేవారు, అది ఆస్తిలా అమ్ముడుపోయేది. ఖాతాలు రెజిమెంటు దగ్గరే ఉండేవి, లండన్‌కు నకలు పోవాల్సిన పని లేదు. ముస్లిం సవారును ఖబరస్తాన్‌లో పూడ్చారు, హిందువును దహనం చేశారు. ఖనన రిజిస్టరు అన్నదే లేదు.

అయినా కొన్ని చోట్లు ఉన్నాయి. పతకాల జాబితాల్లో భారతీయ దళాల పేర్లూ ఉన్నాయి. రెజిమెంటు పాత పేరు, కొత్త పేరు తెలిసి ఉండాలి: కంటింజెంట్ 1వ, 2వ లాన్సర్స్ 1903లో 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్స్ అయ్యాయి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం పెట్టిన అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయమైన హైదరాబాద్ రెసిడెన్సీ ఫైళ్లలో పింఛను అర్జీలు, కుటుంబ పింఛను తగాదాలు వెతకవచ్చు. అర్జీలో తండ్రి పేరు, ఊరు, సర్వీసు ఉంటాయి. మద్రాసు లైట్ క్యావల్రీలో పనిచేసినవాళ్లకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ సైనికశాఖ పత్రాలు చూడాలి. ఆ దళంలో గుర్రాలు సర్కారువి.

నిజాం సొంత దళాలవి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి. ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ సిద్దీ రౌతుల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. అక్కడి కాగితాలు 1880ల దాకా పారశీకంలో, తర్వాత ఉర్దూలో, హిజ్రీ (ఇస్లామిక్), ఫసలీ (సర్కారు పన్నుల లెక్క) క్యాలెండర్ల తేదీలతో ఉంటాయి. శికస్తా అనే గొలుసుకట్టు రాత చదవగలిగే పెద్దమనిషిని ముందే మాట్లాడుకుని వెళ్లండి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. ఇలాంటి కుటుంబాల్లో పాత పింఛను కాగితం, పతకం, సనదు ట్రంకుపెట్టె అడుగున ఉండటం కద్దు; ఆర్కైవ్స్‌కు వెళ్లే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. పతకం అంచు మీద పేరు, నంబరు, రెజిమెంటు చెక్కి ఉంటే దాన్ని పాలిష్ చేయించవద్దు, అంచు అరిగితే ఉన్న ఒక్క ఆధారం పోతుంది.

ఫైలు కట్టడం

దొరికిన ప్రతి ముక్కకూ మూడు రాయండి: ఏ సంపుటం, ఏ పుట, ఏ తేదీన చూశారు. కాగితాలు ఒకదానితో ఒకటి విభేదిస్తే ఏదో ఒకటి ఎంచుకుని రెండోది చెరిపేయకండి, రెండూ రాసి దేన్ని ఎందుకు నమ్ముతున్నారో కింద రాయండి. రాయి పాఠాన్ని వరసలు, తప్పులతో సహా ఉన్నదున్నట్టు ఎక్కించండి, సరిదిద్దవద్దు. పగిలిన చోట చుక్కలు పెట్టండి.

ఒక ప్రతి చర్చి కార్యాలయానికి ఇవ్వండి. ఫోటోలతో ఇంకో ప్రతి బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ సెమెటరీస్ ఇన్ సౌత్ ఏషియాకు పంపండి; 1976 నుంచి ఆ సంఘం ఈ శ్మశానాల వివరాలు సేకరిస్తోంది, అవి బ్రిటిష్ లైబ్రరీలో ఎఫ్370 వరసలో భద్రంగా ఉంటాయి. ఎండకూ వానకూ తిరుమలగిరి రాయి మీద అక్షరాలు ఏటేటా తగ్గుతున్నాయి. కాబట్టి వెతుకులాట పూర్తయ్యేదాకా ఆగకుండా, ఫోటోలు తీసిన వారంలోనే వాటిని పంపండి.